లోకల్ ఐస్ హాకీ మ్యాచ్‌లో ఫొటోలు: గ్యాలరీ ఎంత నోరు పారేసుకున్నా మీ పని చెడకుండా చేసుకునే పద్ధతి

లోకల్ ఐస్ హాకీ మ్యాచ్‌లకు కెమెరా పట్టుకెళ్లేవాళ్లు నన్ను పదేపదే అడిగేవి రెండు ప్రశ్నలు. తెల్లగా ఉండాల్సిన మంచు బూడిదరంగులోకి తిరిగి, పిల్లల ముఖాలు మసకబారి ఎందుకొస్తున్నాయి? పక్కనున్న పెద్దమనిషి రెఫరీని బూతులు తిడుతూ రింక్ (మంచు మైదానం) చుట్టూ ఉండే గ్లాస్ బాదుతుంటే ఏం చేయాలి?

వేరువేరు ప్రశ్నల్లా కనిపించినా రింక్‌లో ఈ రెండూ ఒకేసారి నెత్తిన పడతాయి. సెట్టింగులతో తంటాలు పడుతున్నప్పుడు పక్కవాళ్ల అరుపు రెట్టింపు చిరాకు పుట్టిస్తుంది. ఆ చిరాకులో గోల్ పడిన క్షణం కాస్తా చేజారిపోతుంది. అందుకే ఇక్కడ చెప్పే క్రమంలో కెమెరా పని చాలావరకు ఆట మొదలుకాకముందే ముగిసిపోతుంది. ఆట నడుస్తున్నంతసేపూ మీ ధ్యాస మంచు మీదా, మనుషుల మీదా ఉంటే చాలు.

ఒక్క నియమం మాత్రం ముందే చెప్పేస్తాను. ఎవరు ఎంత రెచ్చగొట్టినా లెన్స్ మంచు వైపే ఉండాలి. గ్యాలరీ మీదకు తిప్పొద్దు. ఎందుకో 6వ భాగంలో చెబుతాను.

1. మ్యాచ్‌కి రెండు మూడు రోజుల ముందు: అనుమతి

పిల్లల మ్యాచ్‌లో తెలియని మనిషి పొడవాటి లెన్స్‌తో కనిపిస్తే తల్లిదండ్రులకు అనుమానం రావడం సహజం. ఆ అనుమానం తప్పు కాదు. దాన్ని ముందే తీర్చడం మీ బాధ్యత. గ్యాలరీలో ఫొటోగ్రాఫర్ల మీద జరిగే గొడవల్లో చాలావాటికి మూలం ఇదే: ఆ మనిషి ఎవరో, ఎవరి తరఫున వచ్చాడో ఎవరికీ తెలియకపోవడం.

ఎవరెవరికి చెప్పాలంటే:

- మీ జట్టు మేనేజర్‌కి. ఆ ఫొటోలు ఎవరు చూస్తారో, ఎక్కడ పెడతారో రెండు వాక్యాల్లో రాసి పంపండి. బదులు కూడా రాతలోనే తీసుకోండి.
- ఎదుటి జట్టు మేనేజర్‌కి. దీన్ని అందరూ వదిలేస్తారు. మీ ఫ్రేమ్‌లో సగం మంది వాళ్ల పిల్లలే కదా.
- రింక్ నిర్వాహకులకు. ట్రైపాడ్, మోనోపాడ్, ఫ్లాష్ విషయంలో ఒక్కో రింక్‌ది ఒక్కో నియమం. ఎక్కడ నిలబడొచ్చో కూడా అప్పుడే అడిగేయండి.

ఎవరి పిల్లల్ని ఫొటో తీయకూడదో మేనేజర్‌ని తప్పకుండా అడగండి. కారణం అడగొద్దు. కుటుంబ తగాదాలు, కోర్టు ఆదేశాలు, భద్రత లాంటివి ఏవైనా ఉండొచ్చు. ఆ జెర్సీ నంబర్లు చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి.

డ్రెస్సింగ్ రూమ్‌లోకి కెమెరాతో వెళ్లకండి. అమెరికాలో ఈ ఆటని నడిపే సంఘం యూఎస్ఏ హాకీ నియమాల ప్రకారం డ్రెస్సింగ్ రూమ్‌లో ఫోన్‌తో సహా రికార్డు చేసే పరికరం ఏదీ వాడకూడదు. అలాంటి నియమం రాసిపెట్టని చోట కూడా అదే పాటించండి. కోచ్ రమ్మన్నా సరే.

2. సంచిలో ఏం ఉండాలి

ఖరీదైన సామాను అక్కర్లేదు. రింక్‌లో వెలుతురు తక్కువ, ఆట వేగం ఎక్కువ. కాబట్టి వెలుతురుని బాగా లోపలికి రానిచ్చే లెన్స్ కావాలి. లెన్స్ మీది ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ వస్తుంది.

- 70-200 ఎంఎం, ఎఫ్/2.8 జూమ్ ఉంటే అన్నిటికంటే సుఖం.
- అది లేకపోతే 85 ఎంఎం, ఎఫ్/1.8. గోల్ దగ్గరి మూలలో నిలబడితే దీంతో చక్కగా పని జరుగుతుంది. చవకగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే.
- కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6కి పడిపోతుంది. అంటే ఎఫ్/2.8 కంటే రెండు స్టాపులు తక్కువ (ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది). 3200 ఐఎస్ఓతో (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) వచ్చే ఫొటోకి 12800 పెట్టాల్సి వస్తుంది. అయినా అదే ఉంటే అదే తీసుకెళ్లండి. గింజలు గింజలుగా ఉన్నా స్పష్టంగా ఉన్న ఫొటో, నున్నగా ఉండి కదిలిపోయిన ఫొటో కంటే ఎంతో నయం.

మిగతావి:

- మెత్తటి రబ్బరు లెన్స్ హుడ్
- గ్లాస్ తుడవడానికి రెండు మైక్రోఫైబర్ గుడ్డలు
- అదనపు బ్యాటరీ. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, కాబట్టి కోటు లోపలి జేబులో ఉంచండి
- జిప్ ఉన్న పెద్ద ప్లాస్టిక్ సంచి (బయటికొచ్చేటప్పుడు పనికొస్తుంది)
- వేళ్ల చివర్లు తెరుచుకునే చేతిగ్లోవ్స్
- నల్లటి లేదా ముదురు రంగు జాకెట్
- అనుమతి ఉత్తరం ప్రింటు

జాకెట్ రంగుకీ ఫొటోకీ సంబంధమేంటని అడుగుతారు. లేత రంగు బట్టలు గ్లాస్‌లో ప్రతిబింబించి ఫొటో మీద తెల్లటి పొరలా పడతాయి. పైగా జట్టు రంగులు వేసుకుంటే ఎదుటి గ్యాలరీ మిమ్మల్ని పోటీదారుగా చూస్తుంది. ముదురు రంగు జాకెట్‌తో రెండు సమస్యలూ తీరిపోతాయి.

3. ఎక్కడ నిలబడాలి

ఈ ఒక్క నిర్ణయం సరిగ్గా తీసుకుంటే ఫొటోల సమస్యా, మనుషుల సమస్యా సగానికి సగం తగ్గుతాయి.

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్) కొలతల రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. అంతటినీ పట్టుకోవాలని మధ్య గీత దగ్గర నిలబడితే అందరి పక్క ముఖాలే దొరుకుతాయి, అవీ దూరంగా. ఒక చివర ఎంచుకోండి. గోల్ గీతకీ ఆ పక్కనున్న ఫేస్ఆఫ్ వలయానికీ (ఆగిన ఆట మళ్లీ మొదలుపెట్టే గుండ్రటి గీత) మధ్యలో, మూల మలుపు తిరగకముందు గ్లాస్ తిన్నగా ఉన్న చోట నిలబడండి. మీ వైపు దూసుకొచ్చేవాళ్ల ముఖాలు కనిపిస్తాయి. గోలీ (గోల్ కాపలా కాసే ఆటగాడు) కూడా అందుబాటులో ఉంటాడు.

ఆటలో ఉండే మూడు భాగాల్లో, అంటే ప్రతి పీరియడ్‌కీ, జట్లు చివరలు మారతాయి. అంటే మీ జట్టు మొదటి, మూడో పీరియడ్లలో ఒకే వైపు దాడి చేస్తుంది. ఆ వైపు నిలబడితే రెండు పీరియడ్లు దాడి ఫొటోలు, మధ్య పీరియడ్‌లో మీ గోలీ ఫొటోలు వస్తాయి. మ్యాచ్ మొత్తం ఒక్కచోటే ఉండొచ్చు, ఎవరి ముందు నుంచీ నడవక్కర్లేదు.

ఇక మనుషుల సంగతి. రెండు జట్ల కుటుంబాలు మామూలుగా మధ్యభాగంలో, బెంచీలకు దగ్గర్లోనో ఎదురుగానో గుంపులుగా కూర్చుంటాయి. అరుపులన్నీ అక్కడే పుడతాయి. పెనాల్టీ బాక్స్ చుట్టుపక్కల మరీను. శిక్ష పడిన పిల్లాడిని ఎగతాళి చేయడానికి ఎవరో ఒకరు అక్కడికి చేరతారు. మూలలో ఈ రద్దీ తక్కువ.

గ్లాస్ మీద గీతలు మరీ ఎక్కువగా ఉంటే మెట్ల మీదికెక్కి గ్లాస్ అంచు పైనుంచి తీయొచ్చు. కానీ జాగ్రత్త. పక్ అంటే మూడు అంగుళాల వ్యాసం, ఒక అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల, బరువు దాదాపు 170 గ్రాములు. 2002లో కొలంబస్‌లో జరిగిన ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లో గ్యాలరీలోకి ఎగిరొచ్చిన పక్ తగిలి 13 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. గోల్ చివరల్లో రక్షణ వలలు ఎన్‌హెచ్‌ఎల్‌లో తప్పనిసరి అయింది ఆ తర్వాతే. లోకల్ రింకుల్లో పక్క గ్యాలరీల ముందు వల లేకపోవచ్చు. పక్ ఎక్కడుందో తెలియని క్షణంలో కెమెరా కిందికి దించి రెండు కళ్లతో చూడండి.

4. వార్మప్‌లోనే సెట్టింగులు ముగించండి

ఆటగాళ్లు వార్మప్‌కి దిగగానే మీ పని మొదలవుతుంది. ఈ వరస తప్పించకండి.

1. మోడ్‌ని మాన్యువల్‌కి తిప్పండి. వెలుతురు కొలిచే కెమెరా మీటర్ ఏ దృశ్యాన్నయినా మధ్యస్థ బూడిదరంగుగా చూపించాలని చూస్తుంది. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం తెల్లటి మంచు కాబట్టి మొత్తం ఫొటోని చీకటి చేసేస్తుంది. మీ మంచు బూడిదరంగులో రావడానికి కారణం ఇదే.

2. అపర్చర్ (వెలుతురు వచ్చే లెన్స్ రంధ్రం) మీ లెన్స్ ఇవ్వగలిగినంత వెడల్పు పెట్టండి. ఎఫ్/2.8 లేదా అంతకంటే తక్కువ.

3. షట్టర్ స్పీడ్ 1/1000తో మొదలుపెట్టండి. చిన్న పిల్లల ఆటకి 1/500 కూడా సరిపోతుంది. అంతకంటే కిందికి దిగితే స్టిక్కులూ చేతులూ చెరిగిపోతాయి.

4. ఐఎస్ఓని మంచు తెల్లగా కనిపించేదాకా పెంచండి. మీటర్ చెప్పినదానికంటే సుమారు ఒక స్టాప్ ఎక్కువ అవసరమవుతుంది. చాలా రింకుల్లో 3200, 6400 మధ్య ఎక్కడో ఆగుతారు. హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగునీడల గ్రాఫ్) కుడి గోడకు దగ్గరగా రావాలి, గుద్దుకోకూడదు.

5. ఆ కొలత గోల్ ముందు తీసుకోండి. మధ్యలో ఉన్నంత వెలుతురు చివరల్లో ఉండదు. పిల్లల హెల్మెట్లకు ఇనుప జాలీ ఉంటుంది, దాని వెనక ముఖం నీడలో పడుతుంది. ఒక ఫొటో తీసి జూమ్ చేసి కళ్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి. ముఖం కనబడటం కోసం మంచు మీద కొంచెం వివరం పోయినా నేను ఒప్పుకుంటాను.

6. వైట్ బ్యాలెన్స్‌ని (తెలుపుని తెలుపుగా చూపించే సెట్టింగు) ఖాళీ మంచు ఫొటోతో కస్టమ్‌గా పెట్టండి. ఆటోలో వదిలేస్తే జెర్సీ రంగుని బట్టి ఒక్కో ఫొటో ఒక్కో రంగులోకి పోతుంది.

7. ఫోకస్ నిరంతరం వెంటాడే మోడ్‌లో ఉండాలి. ఒక పాయింటు లేదా చిన్న గుంపు పాయింట్లు చాలు. కళ్లను పట్టే ఆటోఫోకస్ జాలీ వెనక తికమకపడుతుంటే ఆపేసి జెర్సీ ఛాతీ మీద పెట్టండి.

8. రా ఫార్మాట్‌లో (కెమెరా కుదించని అసలు ఫైలు) తీయండి. తర్వాత రంగులు సరిచేయడానికి అదే ఆధారం.

లైట్ల గురించి ఒక మాట. పాత రింకుల్లో ఉండే మెటల్ హాలైడ్ దీపాలు కంటికి స్థిరంగా వెలుగుతున్నట్టే ఉంటాయి. నిజానికి 60 హెర్ట్జ్ కరెంటు ఉన్న దేశాల్లో సెకనుకి 120 సార్లు, 50 హెర్ట్జ్ ఉన్నచోట 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటుంది. 1/1000 దగ్గర మీరు ఆ అలలో చిన్న ముక్కనే పట్టుకుంటారు. అందుకే వరుసగా తీసిన పది ఫొటోల్లో మూడు ముదురుగా, రెండు గోధుమరంగులో వస్తాయి. కెమెరా పాడయిందని కంగారుపడకండి. యాంటీ ఫ్లికర్ సౌకర్యం ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ప్రతి సందర్భానికీ నాలుగైదు ఫొటోలు వరుసగా తీసి మంచి వెలుతురు పడ్డదాన్ని ఉంచుకోండి.

ఫ్లాష్ వాడొద్దు. గ్లాస్‌కి తగిలి మీ ఫొటోనే పాడుచేస్తుంది. గోలీ కళ్లలో పడితే ఆ బిడ్డకి ప్రమాదం.

5. గ్లాస్ గుండా, వల గుండా

ముందు మీ వైపు గ్లాస్ తుడవండి. అవతలి వైపు పక్ గుర్తులను మీరేం చేయలేరు, కాబట్టి తక్కువ గుర్తులున్న పలకను వెతుక్కోండి. లెన్స్ గ్లాస్‌కి తిన్నగా ఎదురుగా ఉండాలి. వాలుగా పెడితే బొమ్మ సాగినట్టు, రెండు గీతలు పడినట్టు వస్తుంది. రబ్బరు హుడ్ గ్లాస్‌కి ఎంత దగ్గరగా ఉంటే ప్రతిబింబాలు అంత తగ్గుతాయి.

దగ్గరగా పెట్టమన్నాను, ఆనించి నొక్కమనలేదు. ఆటగాళ్లు బోర్డుకి (గ్లాస్ కింద ఉండే అడ్డుగోడ) గుద్దుకున్నప్పుడు గ్లాస్ మీ వైపు వంగుతుంది. నొక్కి పట్టుకున్న కెమెరా ఒక్క దెబ్బతో మీ కనుబొమ్మ మీదకొస్తుంది. రెండు వేళ్ల సందు వదలండి. ఇద్దరు మీ మూలకి పరిగెత్తుకొస్తుంటే ఒకడుగు వెనక్కి వేయండి. ఆ ఫొటో పోయినా పర్వాలేదు.

వల ముందున్నప్పుడు దానికి వీలైనంత దగ్గరగా నిలబడి, అపర్చర్ పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న ఆటగాడి మీద ఫోకస్ చేస్తే తాళ్లు కరిగిపోయినట్టు మాయమవుతాయి. ఫోకస్ వల మీదకే పోతుంటే ఒకే పాయింటు వాడండి.

6. గ్యాలరీలో నోరు జారితే

ముందు చెప్పిన నియమం ఇక్కడిది. ఒకసారి నా పక్కన ఒకాయన పద్నాలుగు పదిహేనేళ్ల రెఫరీని పీరియడ్ పొడుగునా తిట్టాడు. సాక్ష్యం ఉండాలి కదా అనుకుని కెమెరా ఆయన వైపు తిప్పాను. ఆయన రెఫరీని వదిలేసి నామీదకొచ్చాడు. ఇద్దరి గొంతులూ లేచాయి. ఆట ఆగింది. బెంచీ మీది పిల్లలందరూ మావైపే చూస్తున్నారు, వాళ్లలో ఆయన కొడుకూ ఉన్నాడు. ఆ పిల్లాడి ముఖం నాకింకా గుర్తుంది. కెమెరా ఎత్తగానే తిట్టేవాడు తగ్గడు, తనను బజారున పెడుతున్నారని రెట్టింపు రెచ్చిపోతాడు.

రకాన్ని బట్టి చేయాల్సినవి:

అడ్డం నిలబడేవాళ్లు. చాలామంది కావాలని చేయరు. విజిల్ మోగి ఆట ఆగినప్పుడు నవ్వుతూ అడగండి: "ఈ మూల నుంచి రెండు జట్ల పిల్లల ఫొటోలు తీస్తున్నానండీ, కాస్త ఇటు జరుగుతారా? మీ అబ్బాయి నంబరు చెప్తే వాడివీ తీస్తాను." నంబరు అడిగిన మరుక్షణం ఎదుటివాళ్ల ధోరణే మారిపోతుంది. మాట ఇచ్చాక ఆ నంబరు ఫొటో తప్పకుండా తీయండి.

గ్లాస్ బాదేవాళ్లు. ఆ పలక మీద బాదితే మీ ఫోకసూ, ఫ్రేమూ కదిలిపోతాయి. వాదించకుండా రెండు పలకల అవతలికి జరగండి. గోలీ వెనకే పనిగట్టుకుని బాదుతుంటే అది ఆటకే అడ్డం. రింక్ సిబ్బందికి చెప్పండి.

రెఫరీని తిట్టేవాళ్లు. లోకల్ మ్యాచ్‌ల్లో రెఫరీలు చాలాసార్లు బడి వయసు పిల్లలే. కెనడాలో చాలా సంఘాలు 18 ఏళ్లలోపు రెఫరీలకు ఆకుపచ్చ ఆర్మ్‌బ్యాండ్ కడుతున్నాయి, ఎదురుగా ఉన్నది చిన్నపిల్లో పిల్లాడో అని పెద్దలకు గుర్తుండాలని. ఒకటి రెండు అరుపులయితే వదిలేయండి. ఆగకుండా సాగుతుంటే ఆయనకి మీరు నీతులు చెప్పొద్దు, ఆయన జట్టు మేనేజర్‌కి చెప్పండి. సొంత జట్టు మనిషి భుజం మీద చెయ్యేసి "పద, టీ తాగొద్దాం" అంటే వినేవాళ్లు కూడా, బయటి ఫొటోగ్రాఫర్ అంటే వినరు.

ఎదుటి జట్టు పిల్లల్ని ఎగతాళి చేసేవాళ్లు. ఇక్కడ ఆలస్యం చేయకండి. ఒంటి రంగు, కులం, మతం, శరీరం, ఆడపిల్ల కావడం, వీటిలో దేని మీద మాట వచ్చినా ఒక్కసారి వింటే చాలు, మేనేజర్ దగ్గరికి వెళ్లండి. పీరియడ్ ముగిసేదాకా ఆగక్కర్లేదు.

వస్తువులు విసిరేవాళ్లు, బెదిరించేవాళ్లు, తాగి ఉన్నవాళ్లు. కెమెరా మెడలో వేసుకుని అక్కడి నుంచి కదలండి. సిబ్బందికి చెప్పండి. చెయ్యి లేచిందంటే పోలీసులే.

అమెరికాలో యూఎస్ఏ హాకీ జీరో టాలరెన్స్ విధానం దీనికి స్పష్టమైన దారి చూపిస్తుంది. ప్రేక్షకుల బూతులు, కవ్వింపులు, హింస చేస్తామన్న బెదిరింపులు, వస్తువులు విసరడం ఆటకి గానీ ఇతర ప్రేక్షకులకి గానీ అడ్డమైతే రెఫరీ ఆట ఆపేస్తాడు. ఆ మనిషిని కోచ్‌లకు చూపించి, గ్యాలరీ నుంచి పంపాకే ఆట మళ్లీ మొదలుపెడతారు. అలా పోయిన సమయం తిరిగి ఇవ్వరు. తిట్టే తండ్రి వల్ల తగ్గేది వాళ్ల పిల్లల ఆటే. ఈ సంగతి మేనేజర్‌కి గుర్తుచేస్తే చాలు, చాలాసార్లు ఆయనే లేచి వెళ్లి మాట్లాడతాడు.

ఫిర్యాదు రాయాల్సి వస్తే రాసుకోవాల్సినవి:

- ఏ పీరియడ్, స్కోర్‌బోర్డు గడియారంలో ఎంత సమయం మిగిలి ఉంది
- ఆ మనిషి ఎక్కడ కూర్చున్నాడు, ఏ జట్టు తరఫు
- అన్న మాటలు అన్నట్టే, మెత్తబరచకుండా
- ఇంకెవరు విన్నారు
- మీరు ఎవరికి ఎప్పుడు చెప్పారు

పిల్లల హాకీలో చాలా జట్లకు 24 గంటల నియమం ఉంటుంది. మ్యాచ్ మీద కోపం ఉంటే ఒక రోజు గడిచాకే కోచ్‌తో మాట్లాడాలి. సాధారణ ఫిర్యాదుకి మీరూ అదే పాటించండి. బెదిరింపులకీ, పిల్లల మీద దూషణకీ అది వర్తించదు. అవి అక్కడికక్కడే చెప్పాలి.

7. ఎవరైనా మీమీదకే వస్తే

"మా పిల్లల్ని ఫొటోలు తీయడానికి నువ్వెవరు?" అని గట్టిగా అడిగారనుకోండి. వరస ఇది:

1. కెమెరా కంటి మీది నుంచి దించండి. లెన్స్ నేల వైపు.
2. పేరు చెప్పండి, మేనేజర్ పేరు చెప్పండి, ఉత్తరం చూపించండి.
3. నంబరు అడిగి, "మీ అమ్మాయిది ఏ ఫొటో ఎక్కడా పెట్టను" అని వాళ్ల ముందే కాగితం మీద రాసుకోండి.
4. తీసిన ఫొటో తీసేయమంటే, అది వాళ్ల బిడ్డదే అయితే తీసేయండి.

నాలుగోదానితో చాలామంది ఫొటోగ్రాఫర్లు విభేదిస్తారు. హక్కు గురించి మాట్లాడతారు. నా మట్టుకు తల్లికి నిద్ర పట్టనివ్వని ఫొటో నాకొద్దు. అయితే మెమరీ కార్డు ఇమ్మంటే ఇవ్వకండి, అందులో మిగతా పిల్లల ఫొటోలు ఉన్నాయి. మేనేజర్ని పిలిపించండి.

మర్యాద తప్పేది ఎప్పుడూ ఎదుటివాళ్లే కాదు. మీరు చేయకూడనివి:

- ఆట సాగుతుండగా కూర్చున్నవాళ్ల ముందు నుంచి నడవడం
- చోటు కోసం చిన్న పిల్లల్ని గ్లాస్ దగ్గర్నుంచి జరపడం
- కెమెరా చేతిలో ఉండగా రెఫరీ నిర్ణయం మీద వ్యాఖ్యానించడం
- "రీప్లే చూపించు" అని ఎవరో అడిగితే తెరమీద ఫొటో చూపించి రెఫరీ తప్పని నిరూపించబోవడం

చివరిది ముఖ్యం. మీ ఫొటో వాదనకి ఆయుధమైతే ఆ రోజు నుంచి మీరు అందరికీ ఒక పక్షం మనిషే.

8. ఆట నడుస్తున్నప్పుడు ఏం తీయాలి

పక్ వెంట పరిగెత్తకండి, అది మీకంటే వేగం. రాబోయే చోట వేచి ఉండండి. ఫేస్ఆఫ్ ముందు ఇద్దరి కళ్లు. గోల్ ముందు తోపులాట. షాట్ తగలబోయే క్షణంలో గోలీ. గోల్ పడ్డాక వేలు షట్టర్ మీది నుంచి తీయకండి. మంచి ఫొటో గోల్ పడ్డ రెండు మూడు సెకన్లకి, కౌగిలింతల్లో ఉంటుంది. బెంచీ వైపు కూడా చూస్తుండండి. ఎక్కువ ఆడే అవకాశం రాని పిల్లల ఫొటో అక్కడే దొరుకుతుంది. ప్రతి నంబరుకీ కనీసం ఒక ఫొటో ఉండేలా మూడో పీరియడ్ ముందు లెక్క చూసుకోండి.

9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

- అందరి వీపులే వస్తున్నాయి: మీరు తప్పు చివరలో ఉన్నారు. తర్వాతి విరామంలో మారండి.
- వెనకున్న గ్యాలరీ స్పష్టంగా, ఆటగాడు మసకగా: ఫోకస్ ప్రాంతం మరీ పెద్దది. ఒక పాయింటుకి తగ్గించండి.
- తెల్ల జెర్సీలు మడతలు లేకుండా వెలిగిపోతున్నాయి: ఐఎస్ఓ మూడో వంతు స్టాప్ తగ్గించండి.
- బయటికొచ్చాక లెన్స్ మీద మంచుపొగ: రింక్ చలిలోనే కెమెరాని జిప్ సంచిలో పెట్టి మూయండి. వెచ్చటి గదిలో గంటసేపు తెరవకండి. తడి సంచి మీద చేరుతుంది, కెమెరా మీద చేరదు. కార్డు ముందే బయటికి తీసి జేబులో వేసుకోండి.

10. ఇంటికొచ్చాక

బోర్డు గ్లాస్‌ల మధ్య నిలువు కమ్మీలు చూసి ఫొటో వంకర సరిచేయండి. మంచు కాస్త నీలంగా ఉంటే బాగుంటుంది, పూర్తిగా తెలుపు చేయాలని చూడకండి. రెండు కాపీలు తీసేదాకా కార్డు చెరపకండి.

పంచుకునే ముందు ఒక్కో ఫొటోకీ ఇది చూడండి:

- జేబులోని కాగితం మీద ఉన్న నంబరు ఎక్కడైనా, వెనక మసకగానైనా కనిపిస్తోందా?
- దెబ్బ తగిలి పడి ఉన్న పిల్లాడు, ఏడుస్తున్న అమ్మాయి, గోల్ ఇచ్చి తలదించుకున్న ఎదుటి గోలీ ఉన్నారా? అలాంటివి వద్దు.
- వెనక గ్యాలరీలో నోరు తెరిచి అరుస్తున్న ముఖం ఉందా? క్రాప్ చేయండి. రేపు ఆ ఫొటో వాళ్ల పిల్లలే చూస్తారు.
- పేరు, నంబరు, బడి మూడూ ఒకేచోట రాశారా? పేరు తీసేయండి. లొకేషన్ సమాచారం కూడా.
- వ్యాఖ్యలో ఓడిన జట్టుని ఎత్తిపొడిచే మాట ఉందా?

ఎదుటి జట్టు పిల్లల ఫొటోలు విడిగా పెట్టి వాళ్ల మేనేజర్‌కి పంపండి. మళ్లీ ఆ జట్టుతో మ్యాచ్ జరిగినప్పుడు ఆ గ్యాలరీలో మీకు చోటిచ్చేది వాళ్లే.

ప్రతి మ్యాచ్‌లో రెఫరీది కూడా ఒక మంచి ఫొటో తీయండి. చెయ్యెత్తి పెనాల్టీ చూపిస్తున్నదో, పక్ వేయడానికి వంగినదో. దాన్ని బయట పెట్టకండి. రెఫరీలను పంపించే సమన్వయకర్త ద్వారా అందజేయమనండి. 18 ఏళ్లలోపు వాళ్లయితే తల్లిదండ్రుల మెయిల్‌కి పంపమనండి. మ్యాచ్ తేదీ, "మీరు ఈ రోజు బాగా చేశారు" అనే ఒక్క వాక్యం చాలు. నేను పంపిన వాటిలో ఒకదానికి వాళ్ల అమ్మ బదులు రాసింది, ఆ ఫొటోని వాడి గదిలో గోడకి పెట్టానని.